పదో ఏట ఎక్కడున్నారు? కమ్యూనికేషన్ పట్టభద్రుల బతుకుదారులు

(నార్ల వెంకటేశ్వరరావు స్మారకోపన్యాసం)

నార్ల గారి పేరు మీద మాట్లాడమంటే భయమూ ఆనందమూ రెండూ కలుగుతాయి. 1908లో పుట్టిన ఆయన 1938లో మద్రాసులో ఆంధ్రప్రభ మొదలైనప్పుడు అందులో చేరారు. 1942 నుంచి 1959 దాకా దానికి సంపాదకులు. 1960లో విజయవాడ నుంచి ఆంధ్రజ్యోతి వెలువడినప్పుడు వ్యవస్థాపక సంపాదకులు. మధ్యలో రెండు విడతలు రాజ్యసభ సభ్యులు. కవి, నాటకకర్త, హేతువాది. బజార్లో, బండిలో, పొలంగట్టున జనం మాట్లాడుకునే తెలుగులో సంపాదకీయం రాయవచ్చునని, రాస్తే అది తేలిపోదని, పైగా బలంగా తగులుతుందని రోజూ రాసి చూపించిన మనిషి. 1985లో మనల్ని వదిలి వెళ్లారు. 1968లో ఆయన షష్టిపూర్తి చేసిన మిత్రులు శాలువాతో, సన్మానపత్రంతో సరిపెట్టలేదు. తెలుగు పత్రికారంగ చరిత్ర మీద ఇంగ్లీషులో ఒక సంపుటి వేసి ఆయన చేతిలో పెట్టారు. ఒక వృత్తి తన మనుషుల లెక్క తాను రాసుకోవడం ఎంత అవసరమో ఆ మిత్రులకు తెలుసు. ఈనాటి నా మాటంతా ఆ లెక్క గురించే.

నార్ల గారికి జర్నలిజం డిగ్రీ లేదు. ఆయన వృత్తిలోకి వచ్చేనాటికి తెలుగునాట అలాంటి డిగ్రీయే లేదు. డెస్కే బడి, ప్రూఫు కాగితమే పలక. ఆయన దగ్గర పనిచేసిన నండూరి రామమోహనరావు గారు తర్వాతి కాలంలో ఆంధ్రజ్యోతి సంపాదకులయ్యారు. గురువు గారు తన శిష్యుడు పదేళ్ల తర్వాత ఎక్కడున్నాడో వాకబు చేయనక్కర్లేదు, పక్క గదిలోనే కనిపిస్తాడు. ఏం నేర్పామో, అందులో ఏం నిలబడిందో రోజూ పేపరు చూస్తే తెలిసిపోతుంది. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే మాకు ఆ సౌకర్యం లేదు. రెండేళ్లు చెప్పి పంపిస్తాం. మొదటి ఉద్యోగం వచ్చిందో లేదో అడుగుతాం, ప్లేస్‌మెంట్ బ్రోషర్‌లో ఫోటో వేస్తాం. అక్కడితో మా పుస్తకం మూసేస్తాం. కమ్యూనికేషన్ శాఖ విలువను దాని విద్యార్థుల మొదటి ఉద్యోగంతో కొలవకూడదని, వాళ్ల పదో ఏడుతో కొలవాలని నేను నమ్ముతున్నాను. దానికి కారణాలు మీ ముందు పెడతాను.

1

ముందు ఈ డిగ్రీ ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త చూద్దాం. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లో మొదలైంది. అంతకు ముందే మద్రాసు, కలకత్తా, మైసూరు, నాగపూర్‌లలో ఇలాంటి శాఖలు వచ్చాయి. ఉస్మానియాలో తొలి రోజుల్లో దారి చూపినవారు అమెరికన్ ఆచార్యుడు డి ఫారెస్ట్ ఓడెల్. అమెరికాలో జర్నలిజం చదువుల చరిత్ర రాసింది కూడా ఆయనే. అప్పటి పాఠాలన్నీ పత్రిక చుట్టూ తిరిగేవి: రిపోర్టింగు, ఎడిటింగు, పేజీ కూర్పు, పత్రికా చట్టాలు. చదువుకున్నవాళ్లు వెళ్లే చోటు కూడా స్పష్టంగా ఉండేది. పత్రిక, లేకపోతే ఆకాశవాణి, అదీ కాకపోతే సమాచార పౌరసంబంధాల శాఖ.

ఆ తర్వాత ఒక పెద్ద కుదుపు వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో సైట్ అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా టీవీ చేరింది. వాటిలో మన పల్లెలూ ఉన్నాయి. కార్యక్రమాలు తయారుచేసే కేంద్రాల్లో హైదరాబాదు ఒకటి. రోజుకు నాలుగు గంటల ప్రసారం: సేద్యం, పసిపిల్లల ఆరోగ్యం, బడి పాఠాలు. నన్ను ఈనాటికీ ఆకట్టుకునేది మాత్రం టీవీ పెట్టె కాదు. ఆ ఏడాది కొందరు మానవశాస్త్ర పరిశోధకులు ఆ పల్లెల్లోనే కాపురముండి ఎవరు చూస్తున్నారు, ఎవరు చూడటం లేదు, చూసిన మాట ఇంటికెళ్లాక ఏమవుతోంది అని రాసుకున్నారు. వార్త రాయడం ఒక పని. మాట చేరాక ఏమైందో కనుక్కోవడం ఇంకొక పని. ఈ రెండో పని విశ్వవిద్యాలయాల్లోకి వచ్చాక బీజే అనే జర్నలిజం డిగ్రీ కాస్తా కమ్యూనికేషన్‌ను కూడా పేరులో కలుపుకుని బీసీజే, ఎంసీజే అయింది.

1988లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీనాయుడు స్కూల్ కింద ఎం.ఏ. కమ్యూనికేషన్ వచ్చేసరికి టీవీ నిర్మాణం, కమ్యూనికేషన్ పరిశోధన కూడా పత్రికారచనకు సమానంగా కూర్చున్నాయి. ఇవాళ ఒక్క హైదరాబాదులోనే ఉస్మానియా, కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఉర్దూ మాధ్యమంలో మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ, తెలుగు విశ్వవిద్యాలయం ఈ చదువు చెబుతున్నాయి. బయట విశాఖలో ఆంధ్ర, గుంటూరు దగ్గర నాగార్జున, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇన్ని శాఖలు, ఇన్నేళ్ల పట్టభద్రులు. వాళ్లంతా ఎక్కడున్నారని అడిగితే చెప్పగలిగే పుస్తకం ఏ శాఖ బీరువాలోనూ నా కంటబడలేదు.

2

పుస్తకం లేకపోయినా మనుషులు తెలుసు కనుక, తెలిసినంత చెబుతాను. పేర్లు చెప్పను, వాళ్లలో కొందరు ఈ హాల్లోనే ఉన్నారు.

కొందరు పత్రికల్లోకే వెళ్లారు. జిల్లా అనుబంధాలు జోరుగా పెరిగిన కాలంలో డెస్కులకు మనుషులు కావలసి వచ్చారు. అయితే అప్పటికే పెద్ద పత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లు పెట్టుకుని, తమ పద్ధతిలో తామే తర్ఫీదు ఇవ్వడం మొదలుపెట్టాయి. డిగ్రీ ఉన్నా ఆ ప్రవేశ పరీక్ష రాయాల్సిందే. అనువాదం వచ్చా, తప్పుల్లేకుండా తెలుగు రాస్తాడా, రాత్రి రెండింటి దాకా కూర్చుంటాడా: ఇవీ వాళ్లు చూసినవి. వాళ్లు చూసినవి తప్పని నేననను. మా సిలబస్‌లో మంచి తెలుగు వాక్యం రాయడానికి ఎన్ని గంటలు కేటాయించామో చూసుకుంటే నాకే బెంగగా ఉంటుంది.

ఆ తర్వాత టీవీ వచ్చి చాలామందిని లాక్కుపోయింది. హైదరాబాదు దూరదర్శన్ 1977 నాటిది, ఈటీవీ 1995 ఆగస్టులో వచ్చింది. 2004లో టీవీ9 వచ్చిన తర్వాత వార్తా చానళ్లు వరుస కట్టాయి. ఇన్‌పుట్ డెస్కు, అవుట్‌పుట్ డెస్కు, ప్యానెల్ ప్రొడ్యూసరు, ఎడిట్ సూట్ అంటూ అన్నీ కొత్త కుర్చీలే. మొదటి జీతం పత్రిక కంటే మెరుగు. ఇరవై మూడేళ్ల పిల్ల బులెటిన్ నడిపించేది. వాళ్లలో చాలామంది ఏడెనిమిదేళ్లకే ఆ గదుల్లోంచి బయటికి వచ్చేశారు. దాని సంగతి తర్వాత చెబుతాను.

వార్తల్లోకి అసలు వెళ్లనివాళ్లు నేను అనుకున్నదాని కంటే చాలా ఎక్కువ. ఒకమ్మాయి పిల్లల టీకాల ప్రచారంలో చేరింది. ఆమె పనేమిటో మొదట వాళ్ల నాన్నకే అర్థం కాలేదు. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. 2014 మార్చిలో పోలియో పోయిందన్న ధ్రువీకరణ వచ్చింది. ఆ మధ్యనున్న శ్రమలో చుక్కల మందు ఎంత ఉందో, టీకా వద్దన్న ఇంటి గడపలో కూర్చుని ఆ తల్లి భయమేమిటో ఓపిగ్గా విన్నవాళ్ల పని కూడా అంతే ఉంది. ఎవరి మాట ఎవరు నమ్ముతారు, ఏ పుకారు ఎక్కడ పుట్టింది అని రాసుకుని పై అధికారులకు చెప్పడం కూడా ఈ చదువు నేర్పిన పనే. యూనిసెఫ్ వంటి సంస్థల్లో, ప్రభుత్వ ఆరోగ్య పథకాల్లో మన విద్యార్థులు ఇదే చేస్తున్నారు.

2013 కంపెనీల చట్టం, ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలంది. దాంతో స్వచ్ఛంద సంస్థల్లోనూ కంపెనీల్లోనూ పని జరిగిన తీరు రాసిపెట్టేవాళ్లు, చిన్న సినిమాలు తీసేవాళ్లు కావలసి వచ్చారు. ఇంకొందరు ఐటీ కంపెనీల్లో కంటెంట్ రాస్తున్నారు, కొందరు సినిమాలకు సబ్‌టైటిళ్లు రాస్తున్నారు. హైదరాబాదులోనే ఉన్న ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులో నిజనిర్ధారణ చేస్తున్నాయి. వాట్సాప్‌లో తిరిగే ఫోటో ఎప్పటిదో, ఎక్కడిదో తవ్వి చెప్పే ఆ పని మన పిల్లలు ఇష్టపడి చేస్తారు.

వీళ్లలో సగం మందిని "జర్నలిజం చదివి దారి తప్పారు" అంటుంటారు. నేను ఒప్పుకోను. టీకా వద్దన్న తల్లి మాట ఓపిగ్గా విన్న అమ్మాయి మా శాఖకు ఎంత గౌరవం తెచ్చిందో, మొదటి పేజీలో బైలైన్ సంపాదించిన అబ్బాయీ అంతే తెచ్చాడు.

3

ఇప్పుడు ఆ టీవీ గదుల సంగతి. ఇక్కడ కొంచెం నిలబడతాను.

ముప్పై రెండు, ముప్పై మూడేళ్ల వయసులో వృత్తి వదిలేసే విద్యార్థులు నాకు వరుసగా కనబడుతున్నారు. పని చేతకాకపోతే మొదటి రెండేళ్లలోనే మానేస్తారు. వీళ్లు పని బాగా వచ్చాక మానేసినవాళ్లు. ఒక జిల్లా సాగునీటి కథంతా, ఒక ప్రభుత్వ శాఖ గుట్టంతా తెలిసి, ఫోన్ ఎత్తితే పలికే మనుషులను సంపాదించుకున్నాక వదిలేసినవాళ్లు. ఆ ఎనిమిదేళ్ల పరిచయం, జ్ఞాపకం వాళ్లతోపాటే వెళ్లిపోతుంది. కొత్తగా వచ్చిన ఇరవై రెండేళ్ల కుర్రాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. నష్టపోయేది పాఠకుడు.

ఎందుకు వదులుతున్నారు? ఒక కారణం చట్టంలోనే ఉంది. 1955 వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికల వాళ్లకు పనిగంటలు, సెలవులు, వేజ్ బోర్డు ఇచ్చింది. అప్పటికి టీవీ వార్తలు లేవు గనుక అందులో టీవీ మాట లేదు. తర్వాత ఎన్ని చానళ్లు వచ్చినా, ఎన్ని వెబ్‌సైట్లు పుట్టినా వాటిలో పనిచేసేవాళ్లు ఆ నిర్వచనం బయటే ఉండిపోయారు. మజీఠియా వేజ్ బోర్డు సిఫార్సులను ప్రభుత్వం 2011 నవంబరులో నోటిఫై చేసింది, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. అవి కూడా పత్రికలకు, వార్తా సంస్థలకే. పత్రికల్లోనూ కాంట్రాక్టు ఉద్యోగాలు పెరిగి, ఆ జీతం అందుకున్నవాళ్లు తక్కువయ్యారు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో పాత్రికేయుడి నిర్వచనంలోకి ఎలక్ట్రానిక్, డిజిటల్ మాధ్యమాల వాళ్లను కూడా చేర్చారు. ఆ నాలుగు పంక్తులు మీలో ఎంతమంది చదివారు? విద్యార్థులను అడుగుతున్నాను. మీ తరగతిలో పత్రికా చట్టాలంటే పరువునష్టం, కోర్టు ధిక్కారం దగ్గరే ఆగిపోతున్నాయి. మీకు రావలసిన గ్రాట్యుటీ గురించి చెప్పే పాఠం కూడా పత్రికా చట్టాల పాఠమే. అది చెప్పకుండా మిమ్మల్ని పంపడం మా వైపు నుంచి అన్యాయం.

రెండో కారణం ఆడపిల్లల విషయంలో ఇంకా గట్టిగా కనబడుతుంది. కమ్యూనికేషన్ తరగతిలో అమ్మాయిలు ముందు బెంచీల్లో ఉంటారు, పరిశోధనలోనూ ముందుంటారు. పదేళ్ల తర్వాత బ్యూరో చీఫ్ కుర్చీలో, డెస్క్ ఇన్‌చార్జి కుర్చీలో వెతకండి. రాత్రి డ్యూటీ అయ్యాక ఇంటికి చేర్చే బండి లేక కొందరు, ప్రసూతి సెలవు నుంచి తిరిగివచ్చేసరికి తన బీటు వేరొకరికి ఇచ్చేయడం వల్ల కొందరు ఆగిపోయారు. వీళ్లను "కుటుంబ కారణాలు" అనే గడిలో పడేస్తాం. బండి పెట్టకపోవడం కుటుంబ కారణం ఎలా అవుతుంది?

2020లో కరోనా వచ్చినప్పుడు పత్రికలు పేజీలు తగ్గించాయి, జిల్లా అనుబంధాలు చిక్కిపోయాయి, జీతాలు కోతపడ్డాయి. చాలామంది అప్పుడు వదిలారు. కానీ అంతకు ముందు నుంచే జనం మెల్లగా జారిపోతున్నారు. మొదటి ఉద్యోగాన్ని మాత్రమే లెక్కపెట్టే పద్ధతిలో ఇదెక్కడా కనబడదు. ఆ లెక్కలో వాళ్లంతా ప్లేస్‌మెంట్ విజయాలే.

4

డిగ్రీ చేరని చోటు గురించి ఒక్క మాట. మనం రోజూ చదివే వార్తల్లో పెద్ద భాగం మండల కేంద్రం నుంచి వస్తుంది. పంపేది కంట్రిబ్యూటరు. లైన్ ఖాతా మీద కొద్దిపాటి డబ్బు, ఒక గుర్తింపు కార్డు, వాటితోపాటు యాడ్ టార్గెట్, సర్క్యులేషన్ టార్గెట్. బతుకుతెరువుకు ఇంకో పని: ఎరువుల కొట్టో, ఫోటో స్టూడియోనో, ఎల్‌ఐసీ ఏజెన్సీనో. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారా మీద తిరగబడ్డప్పుడు ఆ కబురు రాష్ట్రమంతా పాకిందంటే, ఊళ్లకు వెళ్లి రాసిన విలేకరుల పాత్ర అందులో ఎంతో ఉంది. అక్షరాస్యత ఉద్యమం చదివించిన ఒక పాఠం ఊరి ఆడవాళ్ల చేత అంత పని చేయించిందంటే, కమ్యూనికేషన్ చదువు పరిశోధించడానికి అంతకంటే మంచి వస్తువు ఉంటుందా?

మన ఎం.ఏ. వాళ్లు మండలానికి వెళ్లరు. వెళ్లమని నేనూ చెప్పలేను, అక్కడ జీతం లేదు. అయితే మండలం వాళ్లు మా దగ్గరకు రావచ్చు గదా. పదిహేనేళ్లు విలేకరిగా చేసినాయన సర్వే లెక్క చదవడం, భూమి రికార్డు చూడటం, సమాచార హక్కు దరఖాస్తు రాయడం నేర్చుకోవాలంటే రెండేళ్ల డిగ్రీ అక్కర్లేదు. వేసవిలో నాలుగు వారాలు, తెలుగులో, హాస్టల్ గదితో సహా ఇస్తే చాలు. ఆయన పక్కన మా ఎం.ఏ. పిల్లలను కూర్చోబెడితే లాభం మా పిల్లలకే ఎక్కువ.

5

చదువుకున్నవాళ్లు, చదువు అందనివాళ్లు ఒకే పనిలో సమానంగా కూర్చున్న ఉదాహరణ మన దగ్గరే ఉంది. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు నడుపుతోంది. ఎక్కువమంది దళిత మహిళలు, చిన్నకారు రైతులు. 1998లో యునెస్కో సాయంతో మాచునూరులో వాళ్లకొక చిన్న రేడియో స్టేషన్ సిద్ధమైంది. ప్రసారానికి లైసెన్సు మాత్రం లేదు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, వాటిని ప్రజలకిచ్చే విధానం తయారుకాలేదు. ఆ మహిళలు ఆగలేదు. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, పాటలు, పండుగల గురించి పదేళ్లు రికార్డు చేస్తూ, క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపించారు. 2000 జులైలో అక్కడి పస్తాపూర్ ఊరి పేరు మీద కమ్యూనిటీ రేడియో కోసం ఒక ప్రకటన వెలువడింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు అనుమతులు తెరుచుకున్నాయి. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో నడిచిన మొదటి కమ్యూనిటీ రేడియో అదే.

ఆ కథలో విశ్వవిద్యాలయానికి కూడా చోటుంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం కమ్యూనికేషన్ శాఖకు చెందిన వినోద్ పావరాల, కాంచన్ మాలిక్ కలిసి కమ్యూనిటీ రేడియో పోరాటం మీద 2007లో ఇంగ్లీషులో ఒక గ్రంథం వెలువరించారు. 2011లో అదే శాఖలో కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో పీఠం ఏర్పడింది. మైకు మహిళల చేతిలోనే ఉంది. ఆ మైకుకు హక్కు ఎందుకు ఉండాలో విధానం రాసే బల్లల దగ్గర వాదించడం పరిశోధకుల వంతు అయింది. ఎం.ఏ. చదివి ఈ రంగంలోకి వెళ్లినవాళ్ల ఉద్యోగానికి బజార్లో గుర్తింపు పేరు కూడా లేదు. "ఏం చేస్తున్నావమ్మా?" అని బంధువులు అడిగితే చెప్పడానికి తడుముకుంటారు. కానీ ఈ డిగ్రీ ఎందుకు పెట్టారని నన్నెవరైనా అడిగితే వాళ్లనే చూపిస్తాను.

6

చివరిగా శాఖలు చేయగలిగిన పని. నేను కోరేది పెద్ద నిధులతో అయ్యేది కాదు. ప్రతి శాఖ ఒక రిజిస్టరు పెట్టాలి. చదువు ముగిసిన మొదటి ఏడాది, అయిదో ఏడాది, పదో ఏడాది ప్రతి విద్యార్థికీ ఫోన్ చేయాలి. ఎక్కడున్నారు, ఎన్ని ఉద్యోగాలు మారారు, ఏ పని చేతకాక ఇబ్బంది పడ్డారు, తరగతిలో విన్న దేన్ని నిజంగా వాడారు, మానేస్తే ఎందుకు మానేశారు. ఫోన్ చేసేది ఆ ఏడాది చేరిన ఎం.ఏ. విద్యార్థులే కావాలి. ఇంటర్వ్యూ చేయడం, విన్నది విన్నట్టు రాయడం, లెక్కలో పెట్టడం అన్నీ అందులోనే నేర్చుకుంటారు. పరిశోధన పద్ధతుల పేపరుకు ఇంతకంటే మంచి ప్రాక్టికల్ నాకు తోచలేదు.

అయిదేళ్లకోసారి సిలబస్ మార్చేటప్పుడు ఆ రిజిస్టరు బల్ల మీద ఉండాలి. ఇప్పుడు మేం సిలబస్ మార్చేది వేరే విశ్వవిద్యాలయం సిలబస్ చూసి. వాళ్లు మాది చూస్తారు. రిజిస్టరు ఉంటే తెలుగు రచనకు గంటలు పెంచాలని, శ్రమ చట్టాలు చెప్పాలని, ఆరోగ్య సమాచారం మీద ఒక పూర్తి పేపరు పెట్టాలని వాదించడానికి నాలాంటివాళ్ల అభిప్రాయం అవసరం ఉండదు. మానేసినవాళ్లకు తిరిగొచ్చే దారి కూడా దాని ద్వారానే తెరుచుకుంటుంది. ముప్పై అయిదేళ్ల వయసులో మళ్లీ పనిలోకి రావాలనుకున్న ఆడమనిషికి పాత శాఖ నుంచి ఫోన్ వస్తే, ఎవరెక్కడ మనుషుల కోసం చూస్తున్నారో చెప్పగలిగితే, ఆమెకు అంతకంటే ఏం కావాలి?

నిర్వాహకులు నా మాట మన్నించి బయట టీ బల్ల పక్కన ఒక లాంగ్‌బుక్ పెట్టించారు. ఈ హాల్లో ఏ విశ్వవిద్యాలయంలో చదివిన పాత విద్యార్థులైనా సరే, వెళ్లేముందు అందులో మీ పేరు, చదువు ముగిసిన ఏడాది, అప్పటి నుంచి చేసిన ఉద్యోగాలన్నీ వరసగా రాయండి. చిన్నదని, మీడియా కాదని ఏదీ వదిలేయకండి. మానేసినవాళ్లు కారణం కూడా రాయండి. అభ్యంతరం లేకపోతే ఫోన్ నంబరు ఇవ్వండి. రేపటి నుంచి ఫోన్లు చేయడానికి మొదటి సంవత్సరం విద్యార్థులు నలుగురు ఒప్పుకున్నారు. వాళ్లిక్కడే ఉన్నారు, లేచి నిలబడమంటున్నాను, చూడండి. రేపు వీళ్లు ఫోన్ చేస్తే దయచేసి ఎత్తండి.